సముద్రం మీద ఇంకా రాయని ఒప్పందం

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్‌ని చూడనివాళ్లు ఉత్తరాంధ్రలో తక్కువే. టికెట్ కొని లోపలికి వెళ్తే ముందు తెలిసేది ఇరుకు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కన్నం లాంటి తలుపులో ముందు కాలు పెట్టి, నడుం వంచి, తలకు దెబ్బ తగలకుండా చూసుకుంటూ దూరాలి. రెండు పక్కలా పైపులు, మీటర్లు, తిప్పే చక్రాలు, ఒకదాని మీద ఒకటి పడకలు. పొడవు 91 మీటర్లున్నా లోపల ఎక్కడా చేతులు బారచాపే చోటు కనిపించదు.

సోవియట్ యూనియన్ నుంచి కొని 1969లో మన నౌకాదళంలో చేర్చుకున్న ఈ సబ్‌మెరైన్‌ది ఫాక్స్‌ట్రాట్ తరగతి. అదే తరగతికి చెందిన బి-59 అనే సోవియట్ సబ్‌మెరైన్ 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర నీటి కింద చిక్కుకుపోయింది. పైన అమెరికా డిస్ట్రాయర్లు (సబ్‌మెరైన్లను వేటాడే యుద్ధనౌకలు) తిరుగుతూ, పైకి రమ్మని సంకేతంగా చిన్న చిన్న పేలుడు గుండ్లు నీళ్లలోకి వదులుతున్నాయి. లోపల బ్యాటరీ అడుగంటింది, వేడి 45 డిగ్రీలు దాటింది. మాస్కోతో మాట లేదు. పైన యుద్ధం మొదలైపోయిందా, లేదా? ఎవరికీ తెలియదు. సబ్‌మెరైన్‌లో ఒక అణు టార్పెడో, అంటే నీళ్లలోంచి దూసుకెళ్లి పేలే అణ్వాయుధం ఉంది. కెప్టెన్ సావిట్‌స్కీ దాన్ని సిద్ధం చేయమని కేకలేశాడని, వసీలీ అర్ఖిపోవ్ అనే అధికారి సర్దిచెప్పి ఆపాడని, అప్పుడు లోపలున్నవాళ్లు దశాబ్దాల తర్వాత చెప్పారు. చివరికి బి-59 పైకి తేలింది. అందరూ బతికారు.

ఈ కథ చెప్పేవాళ్లు మామూలుగా అర్ఖిపోవ్ నిబ్బరం దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఇంకో వివరమే ముఖ్యం అనిపిస్తుంది. ఫలానా రకంగా పేలుళ్లు వినిపిస్తే అది దాడి కాదు, పైకి రమ్మని పిలుపు అని అమెరికా రెండు మూడు రోజుల ముందే మాస్కోకు కబురు పంపింది. కబురు మాస్కో దాకా చేరింది. సబ్‌మెరైన్ కెప్టెన్లకు మాత్రం చేరలేదని తర్వాత వాళ్లే చెప్పారు. పైనున్న అమెరికన్లకేమో, కింద ఉన్న సబ్‌మెరైన్‌లో అణు టార్పెడో ఉందన్న సంగతి తెలియదు. అంటే ఒకరికి సంకేతం అర్థం కాలేదు, రెండోవాళ్లకు ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియదు.

అణ్వాయుధాలున్న దేశాలు సముద్రం మీద ఎదురుపడితే వచ్చే చిక్కు ఇదే. నేల మీద సరిహద్దుంటుంది, కంచె ఉంటుంది, సైన్యం కదిలితే ఉపగ్రహానికి దొరికిపోతుంది. సముద్రంలో గీత లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు (సుమారు 22 కిలోమీటర్లు) దాటాక ఎవరి యుద్ధనౌక అయినా ఎక్కడైనా తిరగొచ్చు. పక్కపక్కనే తిరగొచ్చు, ఢీకొట్టుకునేంత దగ్గరగానూ రావచ్చు.

అమెరికా, సోవియట్ నౌకలు సరిగ్గా అదే చేసేవి. ఒకదాని దారికి ఒకటి అడ్డం పోవడం, విమానాలతో నౌకల నెత్తి మీంచి దూసుకుపోవడం, తుపాకులు గురిపెట్టి బెదిరించడం. 1967లో జపాన్ సముద్రంలో నిజంగానే గుద్దుకున్నాయి. విసిగిపోయి 1972 మే 25న మాస్కోలో ఒక ఒప్పందం రాసుకున్నారు. అమెరికా తరఫున నౌకాదళ మంత్రి జాన్ వార్నర్, సోవియట్ తరఫున అడ్మిరల్ గోర్ష్‌కోవ్ సంతకాలు చేశారు. చదివితే ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ట్రాఫిక్ రూల్స్ పుస్తకంలా ఉంటుంది. ఎదుటి నౌక మీదికి తుపాకులు, క్షిపణులు గురిపెట్టి ఉత్తుత్తి దాడి ఆటలు ఆడకూడదు. ఎదుటివాళ్ల నౌక నడిపే గది మీదికి సెర్చ్‌లైట్ వేయకూడదు. బారులు తీరి వెళ్తున్న నౌకల మధ్యలో దూరకూడదు. సముద్రంలో ప్రమాదకరమైన విన్యాసాలుంటే కొన్ని రోజుల ముందే చెప్పాలి. ఏటా ఒకసారి రెండు నౌకాదళాలవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని, ఆ ఏడాది ఎవరు ఎక్కడ హద్దు మీరారో లెక్కలు చూసుకోవాలి.

ఒక్క ఆయుధం తగ్గించుకునే ఊసు అందులో లేదు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న మాటా లేదు. అద్భుతాలేమీ జరగలేదు కూడా: 1988 ఫిబ్రవరిలో నల్లసముద్రంలో సోవియట్ నౌకలు కావాలనే రెండు అమెరికా నౌకలను రాసుకుంటూ పోయాయి. కాకపోతే అప్పటికి గొడవ పడటానికీ ఒక పద్ధతి, ఫిర్యాదు చేయడానికి ఒక గుమ్మం ఉన్నాయి. నౌకాదళాల మధ్య గొడవ నౌకాదళాల మధ్యే తేలేది, ప్రతిసారీ రాజకీయ నాయకుల బల్ల మీదికి వెళ్లేది కాదు. సముద్రం మీద దౌత్యం అంటే నా దృష్టిలో ప్రధానంగా ఇదే. పెద్ద శిఖరాగ్ర సమావేశాల కంటే ఈ చిల్లర రూల్సే ఎక్కువ పని చేస్తాయి.

ఇక మన సంగతి.

భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఏ ఒప్పందమూ నిలవదని అనుకోవడం మనకు అలవాటు. కానీ ఒకటి మాత్రం మొండిగా నిలబడింది. రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో ప్రధానులుగా ఉన్నప్పుడు, 1988 డిసెంబరు 31న, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని రాసుకున్నారు. దాని ప్రకారం ఏటా జనవరి 1న తమ తమ అణు కేంద్రాల జాబితాలు, అవి ఉన్న అక్షాంశ రేఖాంశాలతో సహా ఇచ్చిపుచ్చుకోవాలి. 1992లో మొదలైన ఆ మార్పిడి కార్గిల్ ఏడాదిలో ఆగలేదు, పార్లమెంటు మీద దాడి తర్వాత ఆగలేదు, ముంబయి దాడుల తర్వాతా ఆగలేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగాక వచ్చిన 2026 జనవరి 1న కూడా ఢిల్లీలో, ఇస్లామాబాద్‌లో ఒకేసారి జాబితాలు చేతులు మారాయి. అది 35వ సారి.

ఆ తర్వాత వచ్చినవి ఇంకొన్ని ఉన్నాయి. 1991 ఏప్రిల్‌లో సైనిక విన్యాసాల గురించి ముందే చెప్పుకోవాలన్న ఒప్పందం. 2005లో బాలిస్టిక్ క్షిపణి (పైకెగిరి, వంపు తిరిగి లక్ష్యం మీద పడేది) పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు కబురు చేయాలన్న ఒప్పందం. 2007లో అణ్వాయుధాలకు సంబంధించి ఏదైనా ప్రమాదం జరిగితే వెంటనే చెప్పాలన్నది. ఇవన్నీ అమల్లో ఎంతో కొంత పనిచేసినవే.

సముద్రానికి మాత్రం ఏముంది? 1991 ఒప్పందంలోనే దొరికే ఒకటి రెండు వాక్యాలు. అంతర్జాతీయ జలాల్లో రెండు దేశాల యుద్ధనౌకలు, సబ్‌మెరైన్లు ఒకదానికొకటి 3 నాటికల్ మైళ్ల కంటే దగ్గరికి రాకూడదు, యుద్ధ విమానాలు ఎదుటివాళ్ల నౌకల మీంచి దూసుకుపోకూడదు. అంతే. ఎవరు పక్కకు తప్పుకోవాలి, ఏ సంకేతం ఇవ్వాలి, తేడా వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది లేదు.

2011 జూన్‌లో ఈ వాక్యం ఎంత గట్టిదో తేలింది. సోమాలీ దొంగల చెర నుంచి విడుదలై వస్తున్న ఒక సరుకు నౌకకు తోడుగా మన ఐఎన్ఎస్ గోదావరి, పాకిస్తాన్ నౌక బాబర్ రెండూ ఆడెన్ సింధుశాఖ వైపు వెళ్లాయి. ఆ నౌకలో రెండు దేశాల నావికులూ ఉన్నారు, కాబట్టి ఇద్దరూ మంచిపనికే వెళ్లారు. అక్కడ బాబర్ వచ్చి గోదావరిని పక్క నుంచి రాసుకుపోయింది. పాకిస్తాన్ 1991 ఒప్పందాన్ని ఉల్లంఘించిందని మనవాళ్లు నిరసన తెలిపారు. పాకిస్తాన్ కూడా అదే ఒప్పందం చూపించి, తప్పు మనదేనంది. ఒకే కాగితం, రెండు ఫిర్యాదులు. ఎవరిది తప్పో కూర్చుని తేల్చుకునే ఏర్పాటు లేదు కాబట్టి ఆ కథ అక్కడే ఆగిపోయింది. అదృష్టం కొద్దీ అప్పుడు రెండు దేశాల మధ్య యుద్ధ వాతావరణం లేదు.

సముద్రానికి ప్రత్యేకంగా ఒప్పందం కావాలని ఎవరికీ తోచలేదని కాదు. 1999 ఫిబ్రవరి 21న వాజ్‌పేయి బస్సు యాత్ర సందర్భంగా లాహోర్‌లో రెండు దేశాల విదేశాంగ కార్యదర్శులు సంతకం చేసిన అవగాహన పత్రంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది: నౌకలకు, విమానాలకు భద్రత కోసం సముద్రంలో ఘర్షణల నివారణ ఒప్పందం చేసుకుంటాం. మూడు నెలలు తిరక్కుండానే కార్గిల్. అదే ఏడాది ఆగస్టు 10న రణ్ ఆఫ్ కచ్ దగ్గర పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను మన మిగ్-21 కూల్చేసింది. అందులో ఉన్న 16 మందీ చనిపోయారు. మన గగనతలంలోకి వచ్చిందని మనం, రాలేదని వాళ్లు. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, ఈ కేసు వినే అధికారం తమకు లేదని 2000 జూన్‌లో కోర్టు తేల్చేసింది. లాహోర్‌లో రాసిన ఆ వాక్యం ఈనాటికీ వాక్యంగానే ఉంది.

1999కీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. అప్పట్లో ఇద్దరి దగ్గరా నీటి కింద అణ్వాయుధాలు లేవు.

మన మొదటి అణు క్షిపణి సబ్‌మెరైన్ అరిహంత్ విశాఖలోనే కట్టారు. అది మొదటి అణు నిరోధక గస్తీ (కొడితే తిరిగి కొడతామని శత్రువును వెనక్కి తగ్గించే గస్తీ) పూర్తిచేసిందని 2018 నవంబరులో ప్రధాని ప్రకటించారు. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. దీని వెనక ఉన్న తర్కం సులువైనదే. అణ్వాయుధాన్ని మొదట మేం వాడం అని భారత్ చెబుతోంది. మొదట వాడనంటే మొదటి దెబ్బ కాచుకోవాలి, కాచుకున్నాక కూడా తిరిగి కొట్టే శక్తి మిగిలి ఉండాలి. నేల మీద ఉన్నది ఎక్కడుందో శత్రువు కనిపెట్టగలడు. సముద్రం అడుగున ఉన్నదాన్ని కనిపెట్టడం కష్టం. ఆ కష్టమే దానికి కవచం.

జాబితాల ఒప్పందం ఇక్కడికి వచ్చేసరికి నీరుగారిపోతుంది. ప్రతి అణు కేంద్రానికీ అక్షాంశం, రేఖాంశం ఇవ్వాలి సరే. సబ్‌మెరైన్‌కు అడ్రస్ ఏది? దాని రియాక్టర్, దాని క్షిపణులు ఎక్కడున్నాయో చెబితే ఇంక అది ఉండి ప్రయోజనమే లేదు.

ఇంకో చిక్కు మాటామంతీ. ఉప్పునీళ్లలోకి మామూలు రేడియో తరంగాలు దిగవు. చాలా తక్కువ పౌనఃపున్యం, అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్న తరంగాలే ఏ పదో ఇరవయ్యో మీటర్ల లోతుకు చేరతాయి. అందుకు విశాలమైన స్థలంలో ఎత్తయిన యాంటెన్నాలు కావాలి. తమిళనాడు తిరునెల్వేలి దగ్గర అలాంటి కేంద్రం ఒకటుంది. రెండోది ఎక్కడో తెలంగాణవాళ్లకు చెప్పక్కర్లేదు: వికారాబాద్ దగ్గర దామగుండం. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు సుమారు 2,900 ఎకరాల అడవి, మూసీ పుట్టుక చోటు ఏమవుతాయన్న గొడవ బాగా నడిచింది. ఆ గొడవ న్యాయమైనదే, దానికి సమాధానాలు రావాల్సిందే. ఊళ్లలో అందరూ దాన్ని 'రాడార్ స్టేషన్' అంటారు గానీ, అది దేన్నీ కనిపెట్టే యంత్రం కాదు. సముద్రం అడుగున ఉన్న సబ్‌మెరైన్ చెవిలో నాలుగు ముక్కలు ఊదే గొట్టం. ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ గొట్టంలోంచి మాట ఒకవైపే పోతుంది. సబ్‌మెరైన్ వింటుంది, అదే దారిలో బదులు పలకలేదు. పలకాలంటే పైకి రావాలి, పైకొస్తే దొరికిపోవచ్చు. అలా చూస్తే 1962లో బి-59 లోపలున్నవాళ్ల ఇబ్బంది ఈనాటికీ పూర్తిగా పోలేదు.

అటువైపు పాకిస్తాన్ 2017 జనవరిలో బాబర్-3 క్షిపణిని నీటి కింద నుంచి పరీక్షించింది. దూరం 450 కిలోమీటర్లని చెప్పుకుంది. ఇది పెద్ద అణు సబ్‌మెరైన్ల కోసం చేసింది కాదు, మామూలు డీజిల్ సబ్‌మెరైన్లలోంచి వదిలే క్రూజ్ క్షిపణి, అంటే విమానంలా తక్కువ ఎత్తులో ఎగురుతూ వెళ్లేది. అసలు తలనొప్పి ఇక్కడే. యుద్ధం వస్తే మన నౌకలు పాకిస్తాన్ డీజిల్ సబ్‌మెరైన్‌ను వెతికి ముంచాలనే చూస్తాయి, అది వాటి పని. ముంచబోయేది మామూలు టార్పెడోలున్న సబ్‌మెరైనా, అణు క్షిపణి ఉన్నదా? నీటి కింది చప్పుళ్లు పట్టే సోనార్ ముందు కూర్చున్న కుర్రాడికి రెండింటి చప్పుడూ ఒక్కటే. లోపల ఉన్న కెప్టెన్‌కేమో, వాడుకోకపోతే పోగొట్టుకుంటాం అన్న ఆలోచన రావచ్చు.

అస్పష్టత మనవైపూ ఉంది. 2019లో పుల్వామా, బాలాకోట్ తర్వాత మార్చిలో మన నౌకాదళం ఒక ప్రకటన చేసింది. విమానవాహక నౌక విక్రమాదిత్య, 'అణు సబ్‌మెరైన్లు', ఇతర నౌకలు విన్యాసాల నుంచి నేరుగా యుద్ధ మోహరింపులోకి వెళ్లాయని దాని సారాంశం. అణు సబ్‌మెరైన్లంటే ఏవి? రష్యా నుంచి లీజుకు తెచ్చుకున్న చక్ర అణుశక్తితో నడిచేదే గానీ అందులో అణ్వాయుధాలు లేవు. అరిహంత్‌లో అణు క్షిపణుల కోసమే గొట్టాలున్నాయి. ప్రకటన ఆ తేడా చెప్పలేదు. భయపెట్టడానికి ఆ తికమక పనికొస్తుందేమో, కానీ కరాచీలో కూర్చుని చదివేవాడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడన్నది మన చేతుల్లో ఉండదు. అంతకు కొన్ని రోజుల ముందే, ఒక భారత సబ్‌మెరైన్‌ను కనిపెట్టి వెనక్కి పంపామని పాకిస్తాన్ ప్రకటించుకుంది. దాన్నీ ఈ ప్రకటననూ పక్కపక్కన పెట్టి చూడండి.

టెన్షన్ తగ్గించే సంగతి ఒకటి టెక్నాలజీలోనే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అరిహంత్‌తో మొదట వచ్చిన కె-15 క్షిపణి దూరం సుమారు 750 కిలోమీటర్లు. దానితో పాకిస్తాన్‌ను అందుకోవాలంటే సబ్‌మెరైన్ అరేబియా సముద్రంలోకి, వాళ్ల వేటనౌకల మధ్యకే వెళ్లాలి. కె-4 దూరం 3,500 కిలోమీటర్లు. విశాఖ నుంచి ఇస్లామాబాద్‌కు సూటిగా గీత గీస్తే 2,000 కిలోమీటర్లకు కొంచెం పైన. అంటే కె-4 ఉన్న సబ్‌మెరైన్ బంగాళాఖాతం వదిలి కదలక్కర్లేదు. దూరం పెరిగేకొద్దీ ఎదురుపడే అవసరం తగ్గుతుంది. పెద్ద క్షిపణి వల్ల ప్రమాదం తగ్గడం వినడానికి విడ్డూరంగా ఉన్నా, లెక్క అంతే. అయితే బంగాళాఖాతంలోకి చైనా నౌకలు రావడం పెరుగుతోంది కాబట్టి ఆ నిశ్చింత ఎన్నాళ్లో చెప్పలేం. చైనాతో మనకు ఇలాంటి సముద్ర ఒప్పందం ఏదీ లేదు.

ఉన్న ఒప్పందాల్లో చిల్లులు ఎంత పెద్దవో 2022 మార్చి 9న బయటపడింది. ఆ రోజు మనవైపు నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి, పాకిస్తాన్ లోపల మియాన్ చన్ను దగ్గర పడింది. వార్‌హెడ్ (పేలుడు భాగం) లేదు, ఎవరూ చనిపోలేదు. మన ప్రభుత్వం రెండు రోజుల తర్వాత పొరపాటని ఒప్పుకుని విచారం తెలిపింది, ఆ తర్వాత ముగ్గురు వాయుసేన అధికారులను ఉద్యోగం నుంచి తీసేసింది. రెండు రోజుల మౌనం ఎందుకు? ఒప్పందాల్లో వెతికితే వెంటనే చెప్పి తీరాలన్న నిబంధన దొరకదు. 2005 ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది, బ్రహ్మోస్ క్రూజ్ క్షిపణి. 2007 ఒప్పందం అణ్వాయుధ ప్రమాదాల గురించి, బ్రహ్మోస్ అణ్వాయుధం కాదు. రెండు వలల మధ్య సందులోంచి చేప జారిపోయినట్టు జారిపోయింది. బాబర్-3 కూడా క్రూజ్ క్షిపణే. అదీ 2005 ఒప్పందం పరిధిలోకి రాదు. మన బ్రహ్మోస్‌లేమో నేల మీదే కాదు, యుద్ధనౌకల మీద కూడా ఉన్నాయి.

మరి లాహోర్‌లో అనుకున్న ఆ సముద్ర ఒప్పందం రాయడానికి అడ్డేమిటి? ముంబయి మీద 2008లో దాడి చేసినవాళ్లు కరాచీ నుంచి సముద్రం మీదే వచ్చారు, గుజరాత్‌కు చెందిన కుబేర్ అనే చేపల బోటును దారిలో పట్టుకుని మరీ వచ్చారు. ఆ తర్వాత సముద్రం గురించి పాకిస్తాన్‌తో మర్యాదగా కూర్చుని సంతకం చేయడం ఏ భారత ప్రభుత్వానికైనా కష్టమే. అణు విషయాల మీద రెండు దేశాల నిపుణులు చివరిసారి కూర్చుని మాట్లాడుకున్నది 2012 డిసెంబరులో. బయటికి చెప్పని కారణం ఇంకోటుందని నా అనుమానం. సంక్షోభం వచ్చిన ప్రతిసారీ మన నౌకాదళం ఉత్తర అరేబియా సముద్రంలోకి వెళ్లి నిలబడుతుంది. 1999లో, 2002లో, 2019లో, 2025లో అదే చేసింది. పెద్ద నౌకాదళానికి ఆ ఒత్తిడి ఒక ఆయుధం, రూల్స్ రాసుకుంటే దాని పదును తగ్గుతుందన్న భయం సహజం. కానీ 1972లో అమెరికాది కూడా పెద్ద నౌకాదళమే. అయినా సంతకం చేసింది, తన నౌకలను ఏ సముద్రం నుంచీ వెనక్కి పిలవలేదు. ఎదుటి నౌక మీదికి సెర్చ్‌లైట్ వేయకూడదని ఒప్పుకున్నంత మాత్రాన కరాచీ ముందు నిలబడే హక్కు పోదు.

సబ్‌మెరైన్లు ఎక్కడున్నాయో చెప్పుకోమని ఎవరూ అడగరు, అడిగినా అవదు. కె-4 లాంటివి పరీక్షిస్తే ఎలాగూ ముందు చెబుతున్నారు, క్రూజ్ క్షిపణులనూ అందులో కలపొచ్చు. రెండు సైన్యాల ఆపరేషన్స్ అధిపతుల మధ్య హాట్‌లైన్ 1971 నుంచీ ఉంది. 2025 మే 10న మధ్యాహ్నం 3.35కు పాకిస్తాన్ అధికారి చేసిన ఫోన్‌తోనే సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆగాయి. అలాంటి ఫోన్ ఒకటి రెండు నౌకాదళాల మధ్య ఉండాలని కోరడం గొంతెమ్మ కోరికేమీ కాదు. కోస్ట్ గార్డ్‌కూ, పాకిస్తాన్ తీర భద్రతా సంస్థకూ మధ్య 2005లో అలాంటి ఏర్పాటే చేసుకున్నారు.

ఆ ఏర్పాటు ఎవరి కోసమో శ్రీకాకుళం జిల్లా డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో అడిగితే చెబుతారు. అక్కడి మగవాళ్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లలో పనికి కుదురుతారు. బోటు నడిపించే పెద్దను తండేల్ అంటారు. 2018 నవంబరులో వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను, గీత దాటారని పాకిస్తాన్ గస్తీవాళ్లు పట్టుకుపోయారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. వాళ్లు దాటారన్న గీత నీళ్ల మీద కనిపించదు. కనిపించకపోవడమే కాదు, గుజరాత్, సింధ్‌ల మధ్య సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల బురద కాలువకు తూర్పు గట్టు సరిహద్దా, నడిమధ్య సరిహద్దా అన్నది రెండు దేశాలూ ఇంకా తేల్చుకోలేదు. అది తేలితే తప్ప అక్కణ్నుంచి సముద్రంలోకి గీయాల్సిన గీత తేలదు. 2007లో కలిసి సర్వే కూడా చేశారు. అంతవరకే.

జనవరి 1న అణు కేంద్రాల జాబితాతో పాటు ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. ఎవరి జైళ్లలో ఎదుటి దేశంవాళ్లు ఎందరున్నారో చెప్పే జాబితా, 2008 ఒప్పందం ప్రకారం. అందులో మత్స్యకారుల లెక్క విడిగా రాస్తారు. జూలై 1న మళ్లీ ఇస్తారు.